కోటమ్మ పాదాలకు మేజోళ్ళు

భద్రాచలం వెళ్ళొచ్చానని చెప్పగానే మా వీధిలో అందరూ ప్రసాదం కోసం చేయి చాపారు. లేదన్నాను. దర్శనమైనా బాగా జరిగిందా అన్నారు. గుడి వైపే వెళ్ళలేదన్నాను. అప్పటినుంచి నన్ను చూసినప్పుడల్లా వాళ్ళ ముఖంలో ఒక ప్రశ్న కనిపిస్తోంది. ఎవరికి తోచింది వాళ్ళు ఊహించుకోకముందే జరిగింది జరిగినట్టు రాసేద్దామని కూర్చున్నాను.

నేను ఖమ్మంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. పదిహేడేళ్ళుగా జనం నా ముందు చేయి చాపి, "పరగడుపునే వచ్చినం మేడం" అని చెబుతున్నారు. మీసానికి ఇడ్లీ చట్నీ అంటుకుని ఉన్నవాళ్ళు కూడా అదే మాట చెబుతారు. అందువల్ల నాకు మనుషుల మాట మీద పెద్దగా గురి లేదు. మా ఇంట్లోవాళ్ళు దీన్ని జబ్బు అంటారు, నేను అనుభవం అంటాను.

ఇక అసలు సంగతి. ఫోన్లో 'ఏడుగట్ల కోట' అని ఒక సీరియల్ వస్తోంది. అడవిలో ఏడు గుట్టలు, గుట్టకో వంశం, ఆ వంశాన్నే గట్టు అంటారు, వంశానికో రంగు, బట్టల అంచు మీద ఒక్కొక్కరికి ఒక్కో అల్లిక. అందులో మూడో గట్టు ఆడమనిషి కోటమ్మ అంటే నాకు ప్రాణం. ఆమె చెప్పులు లేకుండా నడుస్తుంది. ఎవరి మీదైనా కోపం వస్తే నోటితో ఏమీ అనదు, గడప దాటి రెండడుగులు వేసి నిలబడుతుంది. కెమెరా ఆ పాదాల మీదే ఆగుతుంది. ఆ నిలబడటం చూస్తే నాకు వెన్ను నిటారుగా అవుతుంది. ఆ పాదాలకు మూడో గట్టు తీగ అంచుతో ఊలు మేజోళ్ళు అల్లాలని పోయిన ఎండాకాలంలో నాకు బుద్ధి పుట్టింది. ఆరు నెలలు అల్లాను. ఆ సీరియల్ నటులు అభిమానుల మేళాకు భద్రాచలం వస్తున్నారని తెలిసి, చలికాలంలో బయల్దేరాను.

ఖమ్మం: ఖాదర్ భాయ్ కొట్టు

కాలి కొలత తెలియకుండా మేజోడు అల్లడం కుదరదు. నేను టీవీకి ఫోన్ తగిలించి, కోటమ్మ గడప మీద నిలబడిన చోట బొమ్మను ఆపాను. ఆమె పాదం పక్కనే వడ్లు కొలిచే సోల ఉంది. మా వంటింట్లో కూడా సోల ఉంది. టీవీ మీద సోల ఎంతుందో, పాదం ఎంతుందో స్కేలుతో కొలిచి, మా సోలతో లెక్క కట్టాను. బొటనవేలి కంటే పక్క వేలు కాస్త పొడుగు. కుడి చీలమండ మీద చింతగింజంత కాలిన మచ్చ. మేకప్ వాళ్ళు ఎంత శ్రద్ధగా పెట్టారో అనుకున్నాను. వేళ్ళ దగ్గర ఆ వంపు కోసమే నాలుగుసార్లు విప్పి అల్లాను.

ఊలు కోసం ఎప్పుడూ గుండీలు, జిప్పులు, దారాలు అమ్మే ఖాదర్ భాయ్ కొట్టుకే పోతాను. వాళ్ళ తాత కాలం నుంచీ అక్కడే ఉన్న కొట్టు. మొదటిసారి ముదురాకుపచ్చ ఊలు అడిగినప్పుడు ఆయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని, "ఖమ్మంల మేజోళ్ళా మేడం? చలి పదిహేను రోజులే ఉంటది కదా" అన్నాడు. మళ్ళీ ఆయనే ఎక్కడెక్కడో అడిగి తెప్పించాడు.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. సగం అల్లాక, మా సీరియల్ అభిమానుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పెట్టాను. ఎడమ కాలికి మేజోడు, కుడి కాలు ఒట్టిది, కింద మా ఇంటి గచ్చు పలకలు. రెండు నెలల తర్వాత అదే గ్రూపులో ఇంకెవరో ఒక మేజోడు ఫోటో పెట్టారు. అదే ముదురాకుపచ్చ, అదే తీగ, అవే ఆకులు. పేరు లేదు, ముఖచిత్రం ఒక కోడిపెట్ట. కింద ఒక్క ముక్క రాయలేదు, రెండు దండాల బొమ్మలు మాత్రం పెట్టారు.

ఫోటోను పెద్దది చేసి చూశాను. తొమ్మిదో వరసలో ఒక ఆకు తిరగబడి ఉంది. ఆ తప్పు నాది. ఎడమ మేజోడు అల్లుతుంటే కరెంటు పోయి ఒక్క కుట్టు అటుదిటు అయింది. తర్వాత విప్పి సరిచేసుకున్నాను గానీ అప్పటికే ఫోటో గ్రూపులోకి ఎక్కింది. నా డిజైన్‌ను ఎత్తుకుపోయిన మనిషి నా తప్పును కూడా ఎత్తుకుపోయిందన్నమాట. ఇంతకంటే రుజువు ఏం కావాలి? "దొంగతనం చేసి దండాలు పెడితే సరిపోతుందా?" అని అందరూ చూసేలా రాశాను. జవాబు లేదు. నాలుగు రోజులు, వారం, పది రోజులు ఎదురుచూశాను. తప్పు చేసినవాళ్ళే మాట్లాడకుండా ఉంటారని నా లెక్క.

ఖాదర్ భాయ్‌ని నిలదీశాను. "ఈ రంగు ఇంకెవరికి అమ్మారు?"

"ఒకామెకు పంపిన. చంద్రుగొండ దిక్కు. డబ్బులు ఫోన్ల ఏసిండ్రు, ఊలు బస్సుల ఏసిన. మనిషిని నేను చూడలె."

అందుకే ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా నేరుగా భద్రాచలం పోవలసిన దాన్ని, సత్తుపల్లి, చంద్రుగొండ చుట్టూ తిరిగి పోయాను.

మేజోళ్ళను దేంట్లో పెట్టుకోవాలన్నది ఇంకో చిక్కు. చేతిసంచి అయితే కోస్తారు, సూట్‌కేసు అయితే దించుకుపోతారు. చివరికి మా ల్యాబులో నమూనాలు తీసుకెళ్ళే థర్మోకోల్ డబ్బా తీసుకున్నాను. మూత మీద ఎర్ర అక్షరాలతో 'రక్త నమూనాలు, తాకరాదు' అని రాసి ఉంటుంది. ఆ డబ్బా జోలికి ఏ దొంగా రాడు.

సత్తుపల్లి: బొగ్గు ధూళి, చిక్కుడుకాయ కూర

మొదటిరోజు సత్తుపల్లిలో మా చిన్నమ్మ కూతురు సుజాత ఇంట్లో ఆగాను. బస్సులో నా పక్క సీటు చివరిదాకా ఖాళీగానే ఉంది. ఎక్కినవాళ్ళు డబ్బా మీది అక్షరాలు చదివి వెనక్కి పోయారు. ఒక పెద్దాయన మాత్రం పెనుబల్లి దాకా నిలబడే వచ్చాడు గానీ కూర్చోలేదు.

సత్తుపల్లిలో బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్క ఇళ్ళవాళ్ళు బట్టలు బయట ఆరేయరు. తెల్లచీర అనుకుని ఆరేస్తే బూడిదరంగు చీర తీసుకుంటారు. సుజాత బట్టలన్నీ హాల్లో ఫ్యాను కింద వేలాడుతున్నాయి. వాటి మధ్యలోంచి వంగి వంగి పోయి వంటింట్లో కూర్చున్నాం. ఊరు దాటితే ఎటు చూసినా పామాయిల్ తోటలు, ఎంత దూరం పోయినా అవే. మా వైపు మిరప చేలు చూసిన కళ్ళకు ఆ ఆకుపచ్చ కొంచెం విసుగే పుట్టించింది.

సుజాత డబ్బా మూత తీసి మేజోళ్ళు చూసింది. "బాగున్నాయక్కా. కానీ ఆవిడ వీటిని వేసుకుంటుందని నీకు నమ్మకమేనా? ఇంటికి వెళ్ళి పనిమనిషికి ఇచ్చేస్తుంది."

"ఆ అనుమానం నాకూ ఉంది" అన్నాను.

"మరెందుకు వెళ్తున్నావ్?"

ఆరు నెలలు ప్రతి సాయంత్రం ఆ పాదాల కోసమే కూర్చున్నాను. పని నుంచి వచ్చి, రక్తం వాసన కడుక్కుని, ఊలు పట్టుకుంటే నాకు ఎవరి మీదా అనుమానం ఉండేది కాదు. రోజుకు ఆ గంటన్నరే. ఆ మేజోళ్ళు ఆ పాదాలకు ఎక్కాలి, నేను కళ్ళారా చూడాలి. అది జరగకపోతే ఆ గంటలన్నీ కూడా ఎవరో చెప్పిన 'పరగడుపు' లాంటివే అయిపోతాయని భయం. సుజాతకు ఇదంతా చెప్పలేదు. "టికెట్ కొన్నాను కాబట్టి" అన్నాను. ఫోటోతో కలిపి పదిహేను వందలు. ఫోటో లేకుండా అయిదు వందలు. దూరం నుంచి చూడ్డానికి టీవీ చాలదా అని ఖరీదైనదే కొన్నాను.

మర్నాడు పొద్దున్నే సుజాత అన్నం, అప్పుడే కాపుకొచ్చిన చిక్కుడుకాయలతో నువ్వులపొడి వేసి వండిన కూర డబ్బాలో కట్టిచ్చింది.

చంద్రుగొండ: గొర్రెల దగ్గర అడగమన్నారు

చంద్రుగొండలో దిగి ముందు టీ తాగాను. మాకు ఖమ్మంలో పది రూపాయలకు వేలెడు కప్పు. ఇక్కడ అదే పదికి గాజు గ్లాసు నిండుగా ఇచ్చారు. పాలు కల్తీ ఏమో అని రంగు చూశాను, చిక్కగానే ఉన్నాయి.

"ఈ ఊర్లో ఊలు అల్లేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని టీ కొట్టాయన్ను అడిగాను.

"ఊలా? గొర్లు మేపేటోళ్ళను అడుగున్రి అమ్మా."

"గొర్రెలు కాదు. మేజోళ్ళు అల్లేవాళ్ళు."

ఆయన నా డబ్బా వంక చూశాడు. "మీరు దవాఖానా నుంచి వచ్చిండ్రా? రక్తం ఎవరిది తీస్తరు?" అని గ్లాసు జల్దీగా తీసేసుకున్నాడు. ఇంకో ఇద్దరిని అడిగాను. ఒకరు బీడీ ఆకు కల్లం చూపించారు, ఇంకొకరు మిషన్ కుట్టే ఆయన ఇల్లు చూపించారు. ఊరంతా కలిసి దొంగను దాస్తున్నట్టు అనిపించింది.

భద్రాచలం బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఒకామె ఎక్కింది. నలభై ఏళ్ళు ఉంటాయేమో. నూలు చీర, భుజాన గుడ్డ సంచి. బస్సులో సీట్లు చాలా ఖాళీగా ఉన్నాయి. అయినా వచ్చి నా పక్కనే కూర్చుంది. నాకు వెంటనే అనుమానం వచ్చింది.

"గా డబ్బల ఏముందక్కా?" అంది.

"రక్తం."

"ఎవరిది?"

"చాలామందిది."

"అయితే పైలంగ పట్టుకో" అంది గానీ లేవలేదు.

మనుషుల్లో నేను మొదట చూసేది మోచేతి మడత. అలవాటు. ఆమెది చక్కటి నరం, కళ్ళు మూసుకుని సూది పెట్టొచ్చు. మడత కింద చిన్న పచ్చబొట్టు, మూడు చుక్కలు. రేపు పోలీసులకు గుర్తులు చెప్పవలసి వస్తే పనికొస్తుందని మనసులో రాసుకున్నాను. చేతులనే కనిపెట్టుకుని కూర్చున్నాను, ఏ క్షణాన డబ్బా మీదికి వస్తాయోనని.

ఆమె మాత్రం డబ్బా వంక చూడటం లేదు. కిందికి చూస్తోంది, నా కాళ్ళ వంక. ఒకసారి కాదు, పదిసార్లు. నాకు వెండి మెట్టెలు ఉన్నాయి. కాళ్ళు సీటు కిందికి లాక్కున్నాను. ఆమె కాస్త వంగి మళ్ళీ చూసింది. నా కుడికాలి చిటికెన వేలు పక్కకు తిరిగి ఉంటుంది, చిన్నప్పుడు రోకలి పడింది. దాన్ని అలా తేరిపార చూసే మనిషిని ఇంతవరకు చూడలేదు.

"ఖమ్మం నుంచి వస్తున్నరా?" అంది.

"ఎందుకు?"

"ఊకెనే అడిగిన. దేవుని దగ్గరికా?"

"అవును" అని అబద్ధమాడాను. "మీరు?"

"నాకు జర పనుంది" అంది. ఏం పనో చెప్పలేదు. చెప్పనివాళ్ళను నేను ఇంకా నమ్మను.

ఆకలి వేసి అన్నం డబ్బా తెరిచాను. పక్కన మనిషిని పెట్టుకుని ఒక్కదాన్నే తినడం మా ఇంట అలవాటు లేదు. మూతలో అన్నం, చిక్కుడుకాయ కూర పెట్టి ఇచ్చాను. ఆమె అన్నం మీద చేయి పెట్టి ఆగిపోయింది.

"చిక్కుడుకాయనా అక్కా? కూర వద్దు. ఉత్తన్నం పెట్టు."

"ఎందుకు? బాగుంది."

"నేను ఇప్పుడు తినొద్దు" అని కూరను నా డబ్బాలోకే జాగ్రత్తగా తోసి, సంచిలోంచి పచ్చిమిరపకాయల తొక్కు తీసి అన్నంలో కలుపుకుంది. నాకూ కాస్త పెట్టింది. అన్నం తింటుంది, కూర తినదు. నేను అందులో ఏదో కలిపాననుకుంటోంది కాబోలు. నన్ను అనుమానించే మనిషి ఎదురవడం నాకు కొత్త. చాలా చిన్నతనంగా అనిపించింది. ఆ తొక్కు తిన్నానా లేదా అంటే, ఆమె ముందు తిని చూపించాక తిన్నాను. నాలుక మండింది గానీ ఇప్పటికీ ఆ రుచి గుర్తుంది.

భద్రాచలంలో దిగగానే ఆమె జనంలో కలిసిపోయింది. మెట్టెలు తడుముకున్నాను. ఉన్నాయి.

భద్రాచలం: ఫంక్షన్ హాలు

మేళా ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. బయట గోదావరి మీంచి చల్లటి గాలి, లోపల ఉక్క. ఏడు గట్ల అభిమానులూ వేషాలు కట్టుకుని వచ్చారు. అట్ట కత్తులు, నెమలీకలు, జుట్టుకు బూడిద. ఒక రెండో గట్టు దొర తన కిరీటం తీసి దాంతోనే విసురుకుంటున్నాడు. మంచినీళ్ళ సీసా ముప్పై రూపాయలు. బయట ఇరవై. పది రూపాయలు ఏ గట్టు ఖజానాకు పోతున్నాయని అడిగితే అమ్మే అతను నవ్వాడు.

గేటు దగ్గర ఒక అమ్మాయి నా డబ్బా ఆపింది. "ఆంటీ, రక్తం లోపలికి రానియ్యం."

"రక్తం కాదు."

"మరి రక్తమని రాసి ఉంది?"

ఎంత చెప్పినా నమ్మలేదు. నమ్మకపోవడం నాకు తెలిసిన విద్యే కాబట్టి ఆ అమ్మాయిని తప్పుపట్టలేకపోయాను. అందరి ముందు మూత తీయవలసి వచ్చింది. పైన దూది, దాని కింద తెల్లగుడ్డ, దాని కింద మేజోళ్ళు. చుట్టూ మూగినవాళ్ళు ఫోన్లు తీశారు. "ఫోటోలు వద్దు" అని గుడ్డ కప్పాను. అప్పుడు మూడో గట్టు చీర కట్టుకున్న ఒకావిడ, "ఖమ్మం అక్కయ్య మీరేనా? ఆ కోడిపెట్టను దొంగ అన్నది?" అంది. అవునన్నాను. ఆవిడ పక్కనున్నామె వైపు చూసింది. గ్రూపులో నా మాటకు అందరూ మౌనంగా ఒప్పుకున్నారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ చూపు అలా లేదు.

వరసలో ముందు విలన్ దగ్గరికి చేరాం. సీరియల్లో ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టే మనిషి, ఇక్కడ సోఫాలో కూర్చుని మాటిమాటికీ నీళ్ళు తాగుతున్నాడు. ఊరుకోలేక, "షుగర్ పరీక్ష చేయించుకున్నారా?" అన్నాను.

"పోయిన నెలే చేయించానండి. పరగడుపునే" అన్నాడు. పళ్ళెంలో సగం తిన్న లడ్డూ ఉంది.

తర్వాత కోటమ్మ. టీవీలో కంటే పొట్టిగా, సన్నగా ఉంది. ఒక్కొక్కరికి అర నిమిషం అని ముందే చెప్పారు. ఆమె వెనక గోడ పక్కన పెద్ద అట్టపెట్టె. జనం ఇచ్చిన బొమ్మలు, దండలు, ఫ్రేములు తీసుకున్నవి తీసుకున్నట్టు అందులోకి పోతున్నాయి. వెనక్కి పోదామా అనుకున్నాను. కానీ అప్పటికే ఆమె ముందు ఉన్నాను, చేతులు మేజోళ్ళను బయటికి తీసేశాయి.

ఆమె వాటిని అందుకుంది. పెట్టెలో వేయలేదు. తీగ మీద వేలుతో రాసింది. "ఇది మీరే అల్లారా? ఎన్నాళ్ళు పట్టింది?"

"ఆరు నెలలు. మీ పాదం కొలత సోలతో లెక్క కట్టాను."

ఆమె ముఖం మారింది. కింద చెప్పులోంచి ఒక కాలు తీసి మేజోడు పక్కన పెట్టింది. మేజోడు రెండు వేళ్ళ పొడుగు ఎక్కువుంది. ఆమె బొటనవేలే అన్నిటికంటే పొడుగు. చీలమండ నున్నగా ఉంది, మచ్చ లేదు.

"ఏమనుకోకండమ్మా. ఆ పాదాలు నావి కావు" అంది మెల్లిగా. "రాళ్ళ మీద, ముళ్ళ మీద నేను నడవలేకపోయాను. అడుగులు కనిపించే షాట్లన్నీ ముత్తమ్మ అని చంద్రుగొండ వైపు ఆవిడవి. గడప దగ్గర నిలబడేదీ ఆవిడే. నేను తీసుకుంటే అబద్ధమవుతుంది. ఆవిడకే ఇవ్వండి. ఇందాక గేటు దగ్గర ఆపేస్తే నేనే చెప్పి లోపలికి పిలిపించాను. భోజనాల దగ్గర ఉంటుంది."

ఫోటో తీశారు. అందులో నేను నోరు తెరుచుకుని ఉన్నాను. అరనిమిషం అయిపోయింది.

భోజనాల షెడ్డు

పదిహేడేళ్ళలో ఎంతమంది అబద్ధాలు పట్టుకున్నానో చెప్పలేను. రెండేళ్ళుగా నేను రోజూ చూస్తున్న పాదాలు మాత్రం ఆ మనిషివేనని అడక్కుండానే నమ్మేశాను. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మేజోళ్ళు గుండెకు అదుముకుని హాలు వెనక షెడ్డుకు పోయాను.

బల్లల దగ్గర చోటు లేక కొందరు నేల మీద చాప పరుచుకుని తింటున్నారు. వరసగా చూస్తూ పోతుంటే ఒక మోచేయి దగ్గర నా కళ్ళు ఆగాయి. మంచి నరం. దాని కింద మూడు చుక్కల పచ్చబొట్టు. బస్సులో మనిషి. ఇక్కడిదాకా నా వెనకే వచ్చిందా అని పాత అనుమానం లేవబోయింది. అప్పుడు కిందికి చూశాను.

చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది. బొటనవేలి కంటే పక్క వేలు పొడుగు. కుడి చీలమండ మీద చింతగింజంత కాలిన మచ్చ.

రెండు గంటలు ఆ పాదాలు నా పక్కనే ఉన్నాయి. నేను డబ్బాకు కాపలా కాస్తూ కూర్చున్నాను.

"ముత్తమ్మా" అన్నాను.

ఆమె తలెత్తి చూసి నవ్వింది. "రక్తం అక్కా. దేవుని దగ్గరికి పోలేదా?"

పక్కన కూర్చుని మేజోళ్ళు ఆమె ఒళ్ళో పెట్టాను. చూసింది. ఎంగిలి చేత్తో ముట్టుకోలేదు. తర్వాత చేయి కడుక్కుని వచ్చి, తన గుడ్డ సంచిలోంచి కాగితం పొట్లం తీసి నా ఒళ్ళో పెట్టింది. విప్పాను. ముదురాకుపచ్చ మేజోళ్ళు, తీగ అంచు. తొమ్మిదో వరసలో ఆకు తిరగబడి ఉంది, రెండింటికీ.

"కోడిపెట్ట నువ్వేనా?" అన్నాను.

"అవ్. ఆ కోడి మాదే."

నేను రాసిన మాట చదివిందా అని అడగకముందే ఆమే చెప్పింది. "మా ఊర్ల సిగ్నల్ రాదక్కా. గుట్టెక్కితేనే వస్తది. ఎప్పుడో చూసిన. నాకు మాట్లాడుడు వస్తది గని రాసుడు రాదు. ఏం రాయాలె? చేతికే ఇద్దామనుకున్న. మీరు ఈడికి వస్తరని గ్రూపుల చెప్పిండ్రు కదా."

ఆమె ఆశ్రమ పాఠశాలలో వంట చేస్తుంది. అక్కడ ఒక నర్సు అల్లిక నేర్పి వెళ్ళిందట. నా ఫోటో చూసి నేర్చుకుంది. నా కాలి కొలత గచ్చు పలకలతో లెక్క కట్టింది, వాళ్ళ బడిలో కూడా అవే పలకలు. ఆకు తిరగబడిన చోట అదే డిజైన్ అనుకుని రెండో మేజోడుకు కూడా అలాగే వేసింది.

"బడి పిల్లలు అడుగుతున్నరు, మాకూ అల్లియ్యమని. పొద్దుగాల స్నానాలకు లేస్తే గజగజ వణుకుతరు. ఊలు తెచ్చి పెట్టిన. కని ముందుగాల మీకు ఇయ్యకుండ వాళ్ళకెట్ల అల్లుత? ఇది మీ దగ్గర పుట్టింది కదా. మొదటిది మీకు చేరాలె."

ఇన్ని రోజులూ ఆ పిల్లలు నా వల్ల చలిలో ఆగి ఉన్నారు.

"బస్సులో నన్ను గుర్తుపట్టావు కదా? అడగలేదేం?"

"మీ చిటికెన వేలు చూసి అనుకున్న. కని రక్తం డబ్బ పట్టుకున్నరు. మేజోళ్ళు అల్లే ఆమెకు రక్తంతోటి ఏం పని, ఈమె కాదేమో అని ఊకున్న."

దొంగలు రాకుండా పెట్టుకున్న ఎర్ర అక్షరాలు అంత బాగా పనిచేశాయి.

"మరి నా కూరెందుకు తినలేదు? ఏమైనా కలిపాననుకున్నావా?"

ఆమె నిజంగా ఆశ్చర్యపోయింది. "గట్లెందుకు అనుకుంట? మా ఊర్ల చిక్కుడుకాయ పండుగ ఇంకా కాలె. కొత్తకాయ దేవతకు పెట్టినంకనే తింటం. గప్పటిదాక ఎవరింట్ల పెట్టినా ముట్టం."

ఆమె అడిగింది కాబట్టి మేజోళ్ళు అక్కడే వేసుకున్నాను. డిసెంబరు చలిలో కూడా చెమట పట్టింది. చిటికెన వేలు పక్కకు తిరిగిన చోట ఆమె రెండు కుట్లు ఎక్కువ వేసింది. నా కాలికి ఇంత సరిగ్గా కుదిరినవి ఏ కొట్టులోనూ దొరకలేదు. ఇప్పుడు నువ్వు వేసుకో అన్నాను.

"ఇప్పుడు కాదక్కా. మా ఇంట్ల కొత్తది ఏదొచ్చినా పండుగ నాడు పెద్దల ముంగట పెట్టినంకనే ఏసుకుంట."

బతిమాలాను. ఒక్కసారి, ఒక్క కాలికి అన్నాను. నవ్వింది గానీ వేసుకోలేదు. మేజోళ్ళను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. పొద్దు వాలకముందే ఆమె ఊరికి వెళ్ళే బస్సు ఉందని బయల్దేరింది. బస్టాండులో ఆమె అడుగులు చూస్తూ నిలబడ్డాను. టీవీలో లాగే నడిచింది.

మళ్ళీ ఖమ్మం

తిరిగి వచ్చాక నా బుద్ధి నా దగ్గరే ఉంది. పండుగ అన్నది నిజమేనా? మేజోళ్ళు పెద్దవో చిన్నవో అయ్యుంటాయి, మొహమాటానికి అలా అందేమో. అమ్మేసిందేమో. ఆరు నెలల పని ఆ పాదాలకు ఎక్కడం నేను చూడనేలేదు. రోజూ గ్రూపు తెరిచి కోడిపెట్ట కోసం చూసేదాన్ని. ఖాదర్ భాయ్ కొట్టుకు వెళ్ళి, పిల్లల కోసం ఇంకో నాలుగు ఉండలు ఊలు బస్సులో వేయించాను. "చేరిందో లేదో కనుక్కోండి" అని రెండుసార్లు గుర్తుచేస్తే ఆయన, "మేడం, బస్సోళ్ళు ఊలు తింటరా?" అన్నాడు.

మూడు వారాల తర్వాత ల్యాబులో ఉండగా ఫోన్ మోగింది. గ్రూపులో ఫోటో. పొయ్యి పక్కన అలికిన నేల మీద రెండు పాదాలు, ముదురాకుపచ్చ మేజోళ్ళు. మూలకు కోడి ముక్కు కూడా పడింది. పెద్దది చేసి చూశాను. వేళ్ళ దగ్గర వంపు సరిగ్గా కూర్చుంది. మడమ దగ్గర ఒక్క ముడత లేదు.

దాని కింద ఆమె గొంతు. "అక్కా, పండుగ అయింది. చిక్కుడుకాయ తిన్నం. ఇప్పుడు నువ్వు కూర పెట్టినా తింట."

ఎదురుగా ఒకాయన చొక్కా చేయి మడిచి, పరగడుపునే వచ్చానంటున్నాడు. ఒక్క నిమిషం ఆగమన్నాను. గ్రూపులో అందరూ చూసేలా రాశాను: "నేను దొంగ అన్నది ఈ ముత్తమ్మనే. మీరంతా కోటమ్మవి అనుకున్న పాదాలు ఈమెవే. తొమ్మిదో వరసలో తప్పు నాది."